కాలేజీ వెబ్‌సైట్ ఎవరి కోసం? మెనూ నుంచి లేఅవుట్ దాకా

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు మొదలైతే చాలు, ఇంజినీరింగ్ కాలేజీల వెబ్‌సైట్లకు ఏడాది మొత్తంలో లేనంత తాకిడి. ఆప్షన్లు పెట్టుకోవడానికి ఉండేది కొద్ది రోజులే కాబట్టి ఇంటిల్లిపాదికీ టెన్షన్. పిల్లలు ర్యాంకు, కాలేజీ కోడ్, బ్రాంచి చూసుకుంటారు. పెద్దవాళ్లు అడిగేవి వేరు: ఫీజెంత, రీయింబర్స్‌మెంట్ పోను చేతి నుంచి ఎంత కట్టాలి, హాస్టల్ ఎలా ఉంటుంది, కాలేజీ బస్సు మన ఊరి మీదుగా వస్తుందా. ఈ ప్రశ్నలతో ఫోన్లో సైటు తెరిస్తే ముందుగా ఒకదాని వెనక ఒకటి తిరిగే ఫొటోలు కనిపిస్తాయి: భవనం, రిబ్బన్ కటింగ్, వార్షికోత్సవం. వాటి కింద ఎర్రక్షరాల్లో పరుగెత్తే ప్రకటన. ఇంకా కిందికి వెళ్తే ఛైర్మన్ గారి సందేశం, ఆ తర్వాత సెక్రటరీ గారిది, ఆ తర్వాత ప్రిన్సిపాల్ గారిది. మెనూ నొక్కితే న్యాక్, ఐక్యూఏసీ, ఎన్ఐఆర్ఎఫ్, ఏఐసీటీఈ, మాండేటరీ డిస్‌క్లోజర్ అంటూ ఒక పొడవాటి జాబితా దిగుతుంది. ఫీజు వివరం ఏదో పీడీఎఫ్‌లో ఉంటుంది. బస్సు సంగతి ఎక్కడా ఉండదు.

చూసినవాళ్లు డిజైన్ బాగోలేదు అనేస్తారు. రంగులు మార్చి, కొత్త టెంప్లేట్ (రెడీమేడ్ సైటు నమూనా) కొని, ఫొటోలు మళ్లీ తీయించి ఏడాదికోసారి ముస్తాబు చేసే కాలేజీలూ ఉన్నాయి. ముస్తాబు మారినా ఫీజు దొరకదు. తప్పు రంగుల్లో లేదు, పని జరిగిన వరసలో ఉంది. ముందు టెంప్లేట్ ఎంచుకున్నారు. తర్వాత అందులో ఖాళీగా ఉన్న గళ్లు నింపారు. ఆ తర్వాత ఎవరు మేటర్ ఇస్తే వాళ్లకు మెనూలో ఒక చోటు ఇచ్చారు. సైటులో ఏమేం పేజీలు ఉండాలి, ఏది దేని కింద ఉండాలి, దాన్ని ఏ పేరుతో పిలవాలి, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి దారి ఎలా ఉండాలి అన్నది నిర్మాణం. ఒక పేజీలో ఏది పైన, ఏది కింద, ఏది పెద్దగా అన్నది లేఅవుట్. మొదటిది తేలకుండా రెండోది గీయడం వల్ల వచ్చే అవస్థ ఇది.

ఆ పొడవాటి జాబితా మాత్రం ఊరికే రాలేదు. సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అనుమతి ఉన్న కాలేజీ తన వివరాలను సైటులో బయటపెట్టి తీరాలి, మాండేటరీ డిస్‌క్లోజర్ అంటే అదే. కాలేజీల నాణ్యతను తూచే న్యాక్ సంస్థ గుర్తింపు కావాలంటే స్వీయ అధ్యయన నివేదిక, ఏటేటా నాణ్యత నివేదిక, వాటికి ఆధారంగా బోలెడు పత్రాలు సైటులోకి ఎక్కించాలి. కాలేజీ లోపలి నాణ్యతా విభాగం (ఐక్యూఏసీ) కోఆర్డినేటర్‌కు అదొక పెద్ద చాకిరీ. తనిఖీ బృందం వచ్చే ముందు రోజు రాత్రి కొత్త లింకులు మెనూలో చేరిపోతాయి, బృందం వెళ్లాక వాటిని తీసే ధైర్యం ఎవరూ చెయ్యరు. అలా నాలుగైదు తనిఖీలు గడిచేసరికి మెనూ నిండా తనిఖీ చేసేవాళ్లకు పనికొచ్చే మాటలే మిగులుతాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనిస్తే సగం చిక్కు విడిపోతుంది. తనిఖీ చేసేవాళ్లు మెనూ వెతుక్కుంటూ రారు. కాలేజీ సమర్పించిన నివేదికలో ప్రతి అంశం పక్కనా దాని లింకు ఉంటుంది, వాళ్లు ఆ లింకు నొక్కి నేరుగా ఆ పత్రం దగ్గరికి వస్తారు. మెనూ మీద ఆధారపడేది తల్లిదండ్రులూ విద్యార్థులే. కాబట్టి ఆ పత్రాలన్నిటికీ 'గుర్తింపులు, నివేదికలు' అని ఒకే పేజీ చేసి, దాని లింకు ప్రతి పేజీ అడుగున ఫుటర్‌లో పెడితే నిబంధన నెరవేరుతుంది, మెనూ ఖాళీ అవుతుంది. మేనేజ్‌మెంట్‌ను ఒప్పించాల్సిన మొదటి మాట ఇదే. దీనికి ఒప్పుకోకపోతే మిగతా ప్లాను గీయడం వృథా.

సంస్థ లోపలి అమరికే సైటు అమరికగా మారిపోవడం మన కాలేజీల జబ్బు మాత్రమే కాదు. బ్రిటన్ ప్రభుత్వం దీన్ని ఎంతో పెద్ద స్థాయిలో అనుభవించింది. 2010 నాటికి అక్కడ పౌరులకు డైరెక్ట్‌గవ్, వ్యాపారులకు బిజినెస్ లింక్ అని రెండు పెద్ద సైట్లు ఉండేవి. అవి చాలక శాఖకొకటి, సంస్థకొకటి చొప్పున వందల సైట్లు. తనకు కావలసిన పని ఏ శాఖ చూస్తుందో ముందే తెలిసినవాడికి తప్ప మిగతావాళ్లకు దారి దొరికేది కాదు. ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వ డిజిటల్ ఛాంపియన్ మార్తా లేన్ ఫాక్స్ ఇచ్చిన నివేదిక, చిన్న చిన్న మరమ్మతులతో లాభం లేదని తేల్చి చెప్పింది. 2011 మే నెలలో ఒక చిన్న బృందం నమూనా చూపించింది. 2012 అక్టోబరు 17న గవ్ డాట్ యూకే అనే ఒకే సైటు ఆ రెండు సైట్ల స్థానంలోకి వచ్చింది. తర్వాత రెండేళ్లలో మంత్రిత్వ శాఖలూ, 300కు పైగా సంస్థలూ అందులోకి చేరాయి. 2013లో లండన్ డిజైన్ మ్యూజియం దానికి ఆ ఏటి డిజైన్ అవార్డు ఇచ్చింది. కంటికి ఇంపైన బొమ్మ ఒక్కటీ లేని సైటుకు ఆ అవార్డు రావడం అప్పట్లో చాలామందికి వింతగానే తోచింది.

ఆ సైటులో బ్యాంకు సెలవుల పేజీ ఒక్కటి చూస్తే వాళ్ల పద్ధతి అర్థమవుతుంది. సెలవుల చట్టం గురించి ఉపోద్ఘాతం లేదు, మంత్రి ఫొటో లేదు. పేజీ పైన అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఒకటే విషయం: రాబోయే సెలవు ఏ రోజు. దాని కింద మిగతా తేదీలు. ఇంగ్లండ్, వేల్స్‌కు ఒక జాబితా, స్కాట్లండ్‌కు ఒకటి, ఉత్తర ఐర్లండ్‌కు ఒకటి. ఆ పేజీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది తర్వాతి సెలవు ఎప్పుడనే. ఆ జవాబు ముందు చెప్పేస్తే సగంమంది అక్కడితో ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోతారు. సందర్శకుడు ఎక్కువసేపు ఉంటే సైటు గొప్పదన్న లెక్క ఇలాంటి చోట పనిచెయ్యదు. గవ్ డాట్ యూకే లోనూ లోపాలు లేకపోలేదు. శాఖల సైట్లన్నీ కలిపేశాక, లోతైన నిబంధనలు కావలసిన నిపుణులు తమకు కావలసింది దొరకడం లేదని మొత్తుకున్నారు. ఎక్కువమంది ప్రశ్నకు ముందు జవాబు చెప్పడమంటే తక్కువమంది ప్రశ్నను ఒక మెట్టు కిందికి దించడమే. ఆ నష్టం ఎవరికి పడుతుందో తెలిసి చేస్తే చాలు.

మరి కాలేజీకి వచ్చే ప్రశ్నలేమిటో ఎలా తెలుస్తుంది? దీనికి సర్వేలు అక్కర్లేదు. ఫ్రంట్ ఆఫీసులో ఫోను ఎత్తే ఉద్యోగి పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి, వారం రోజులు వచ్చిన ప్రతి ఫోనుకూ ఒక గీత గీయమంటే చాలు. అడ్మిషన్ల సీజన్లో ఒక రకం, సెమిస్టర్ పరీక్షలప్పుడు ఇంకో రకం ప్రశ్నలు వస్తాయి. బోనఫైడ్ సర్టిఫికెట్ ఎక్కడిస్తారు, ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ ఏది, హాజరు తగ్గితే కట్టే కండోనేషన్ ఎంత, సప్లిమెంటరీ నోటిఫికేషన్ వచ్చిందా, పాత విద్యార్థి ట్రాన్‌స్క్రిప్టుకు (చదువంతటి మార్కుల పత్రానికి) ఎలా దరఖాస్తు చెయ్యాలి. విజన్, మిషన్ ఏమిటని ఫోన్ చేసి అడిగిన తండ్రి ఇంతవరకూ లేడు. అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లే పాత విద్యార్థులు మాత్రం ట్రాన్‌స్క్రిప్టు కోసం ఏళ్ల తర్వాత కూడా వస్తారు. మనకు అర్ధరాత్రి వేళ అక్కడి నుంచి చూసేవాడికి ఆఫీసు ఫోను ఎత్తేవాళ్లుండరు, సైటే దిక్కు.

ప్రశ్నలు చేతికొచ్చాక ఒక ఎక్సెల్ షీటు తెరిచి పేజీల చిట్టా రాయాలి. ఒక్కో వరసకు ఒక్కో పేజీ. పేజీ పేరు, అది ఎవరి ఏ ప్రశ్నకు జవాబు, ఇప్పుడు ఆ సమాచారం ఎక్కడుంది, ఎన్నాళ్లకోసారి మారుతుంది. వీటన్నిటికంటే ముఖ్యమైన గడి ఇంకొకటి ఉంది: దీన్ని మార్చే మనిషి ఎవరు. అక్కడ 'ఐటీ విభాగం' అని రాస్తే రాయనట్టే లెక్క. బస్సు రూట్లు మార్చేది ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి. ఆయనకు సైటులోకి లాగిన్ లేకపోతే ఆ పేజీ రెండో ఏడాదికే అబద్ధం చెబుతుంది. ఎవరి పేరూ రాయలేకపోయిన పేజీని ప్లానులోంచి తీసేయడం మేలు. 'తాజా వార్తలు' అనే విభాగం చాలా సైట్లలో మూడేళ్ల కిందటి రక్తదాన శిబిరం దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే.

చిట్టాలో యాభై అరవై పేజీలు తేలాక వాటిని గుంపులుగా చెయ్యాలి. దీనికి పనికొచ్చే పద్ధతి చాలా పాతది, చవకైనది కూడా. ఒక్కో పేజీ పేరు ఒక్కో చీటీ మీద రాసి బల్ల మీద పరచడం. ఫస్టియర్ విద్యార్థులనూ వాళ్ల తల్లిదండ్రులనూ పిలిచి, ఏవి ఒక చోట ఉంటే బాగుంటుందో పేర్చమని, ఆ గుంపుకు వాళ్ల మాటల్లోనే పేరు పెట్టమని అడగడం. స్టాఫ్ పేర్చిన గుంపులకూ వీళ్లవాటికీ పొంతన ఉండదు. స్టాఫ్ 'ఎగ్జామినేషన్ బ్రాంచ్', 'అకౌంట్స్', 'స్టూడెంట్ అఫైర్స్' అని గదుల పేర్లు పెడతారు. విద్యార్థులు 'డబ్బులు కట్టేవి', 'సర్టిఫికెట్లు', 'పరీక్షలు' అంటారు. మెనూలోకి వెళ్లాల్సింది రెండో రకం. పరిపాలనలో ఏ గది ఏ పని చేస్తుందో తెలుసుకోవలసిన అవసరం విద్యార్థికి లేదు.

మెనూలో ఎన్ని అంశాలు ఉండాలన్న దాని మీద రెండు గాలిమాటలు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి ఏడుకు మించకూడదన్నది. 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వవేత్త మనిషి ఒకేసారి ఎన్ని అంశాలు గుర్తుంచుకోగలడన్న దాని మీద రాసిన వ్యాసం దీనికి మూలం. మెనూ కళ్ల ముందే ఉంటుంది, దాన్ని ఎవరూ బట్టీ పట్టరు, కాబట్టి ఆ లెక్క ఇక్కడ వర్తించదు. రెండోది ఏ సమాచారమైనా మూడు నొక్కుళ్లలో దొరకాలన్నది. మనుషులు నొక్కుళ్లు లెక్కపెట్టుకోరు. ప్రతి నొక్కూ తమను కావలసిన దానికి దగ్గర చేస్తోందని అనిపిస్తే నాలుగైదు సార్లయినా ఓపిగ్గా నొక్కుతారు. 'ఇతరాలు' అన్న ఒక్క మాట ఎదురైతే మొదటి నొక్కు దగ్గరే ఆగిపోతారు. అంశాల లెక్క కంటే పేర్ల స్పష్టతకే ఎక్కువ సమయం ఇవ్వాలి. 'అడ్మిషన్లు' ఒక అంశం, 'ఫీజులు' ఇంకో అంశం, 'బస్సులు, హాస్టల్' మరొకటి అయితే ఎవరికీ ఇబ్బంది లేదు. అన్నీ కలిపి 'క్యాంపస్ లైఫ్' కింద దాస్తేనే ఇబ్బంది.

పేజీ అడ్రసులు కూడా ఈ దశలోనే ఖాయం చెయ్యాలి. వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే, మంచి అడ్రసు ఎప్పటికీ మారకూడదని వాదించాడు. ఫీజుల పేజీ అడ్రసులో సంవత్సరం పెడితే వచ్చే ఏడాది కొత్త అడ్రసు పుడుతుంది, వాట్సాప్ గ్రూపుల్లో పాత లింకే తిరుగుతూ ఉంటుంది. అడ్రసు ఎప్పుడూ ఒకటే ఉండి, లోపల సమాచారం మారాలి. పాత సంవత్సరాలవి ఆ పేజీ అడుగున విడిగా ఉంచవచ్చు. సాఫ్ట్‌వేర్ పేరుగానీ ఫైలు రకంగానీ అడ్రసులో కనిపించకూడదు, రేపు సాఫ్ట్‌వేర్ మారితే లింకులన్నీ తెగిపోతాయి. తెలుగులో అడ్రసు పెడదామన్న ముచ్చట కొందరికి ఉంటుంది. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఉమ్మడి పద్ధతి యూనికోడ్. దాన్ని వెబ్‌లో రాసే తీరులో (యూటీఎఫ్-8) ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు, అడ్రసులోకి వెళ్లేసరికి ఒక్కో బైటూ మూడు గుర్తులవుతుంది. 'ఫీజులు' అన్న మాటలో అక్షరాలూ గుణింతాలూ కలిపి ఆరు గుర్తులు. అది కాపీ చేసి అతికిస్తే 54 గుర్తుల శాతాలూ అంకెలూ అవుతుంది. చూసినవాళ్లు వైరస్ లింకేమో అనుకుని నొక్కరు. పేజీ తెలుగులో ఉన్నా అడ్రసు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటేనే నయం.

ఇప్పుడు పేజీలు గీయవచ్చు. అయితే హోమ్ పేజీతో మొదలుపెట్టకూడదు. ఎక్కువమంది వెతుక్కుంటూ వచ్చే లోపలి పేజీతో మొదలుపెట్టాలి, అంటే ఇక్కడ ఫీజుల పేజీతో. గూగుల్లో కాలేజీ పేరు, పక్కన ఫీజు అని కొట్టి వచ్చేవాడు హోమ్ పేజీ మొహం చూడకుండానే ఈ పేజీలో దిగుతాడు. కాబట్టి కాలేజీ పేరు, కౌన్సెలింగ్ కోడ్, ఊరు ఇక్కడ కూడా కనిపించాలి. తర్వాత అసలు విషయం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. కన్వీనర్ కోటా ట్యూషన్ ఫీజును ప్రభుత్వం నియమించిన నియంత్రణ సంస్థ మూడేళ్లకోసారి ఖరారు చేస్తుంది. కాబట్టి పేజీ పైన ఒకే వాక్యం చాలు: ఈ ఏడాది కన్వీనర్ సీటుకు ట్యూషన్ ఫీజు ఇంత, చేరే రోజు చెల్లించాల్సింది ఇంత. దాని కింద రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉన్నవాళ్లు ఏం తేవాలో, ఏం కట్టాలో. ఆ కింద హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజులు. చివర గడువు తేదీలు, కట్టే దారి, సందేహముంటే ఫోను నంబరు. స్పెషల్ ఫీజు, డెవలప్‌మెంట్ ఫీజు లాంటివి ఉంటే అవీ ఇక్కడే చెప్పెయ్యాలి. చేరే రోజు కౌంటర్ దగ్గర బయటపెడితే జరిగే గొడవ అందరికీ తెలిసిందే. ఈ పేజీ రాయడానికి కూర్చుంటేనే కాలేజీలో ఎవరి దగ్గరా పూర్తి లెక్క ఒక చోట లేదన్న సంగతి బయటపడుతుంది. సైటు ప్లాను చాలాసార్లు ఆఫీసులోని గందరగోళానికి ఎక్స్‌రే తీసిపెడుతుంది.

గీయడానికి పెద్ద సాధనాలు అవసరం లేదు. ఫోను కొలతలో నిలువు పెట్టెలు పెన్సిలుతో గీస్తే సరిపోతుంది. ఫిగ్మా లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు తర్వాత. ఒక్క జాగ్రత్త: పెట్టెల్లో అసలు మేటరే రాయాలి. డిజైనర్లు అలవాటుగా లాటిన్ డమ్మీ వాక్యాలు నింపుతారు. దానితో గీసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా, తెలుగు మేటర్ పోసేసరికి అంతా చెదిరిపోతుంది.

ఎందుకు చెదురుతుందో కాస్త దగ్గరగా చూడాలి, తెలుగు సైట్లలో లేఅవుట్ ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. ఇంగ్లిష్ అక్షరాలు గీతకు పైనా కిందా కొద్దిగానే చాస్తాయి. తెలుగు అక్షరానికి నెత్తిన గుడి, దీర్ఘం, ఏత్వం ఉంటాయి, కింద ఒత్తులుంటాయి. 'ఎలక్ట్రానిక్స్' అనే బ్రాంచి పేరునే తీసుకుంటే, క కింద ట ఒత్తు, దానికి తోడు ర ఒత్తు. ఇంగ్లిష్ టెంప్లేట్‌లో బటను ఎత్తు ముందే బిగించి ఉంటుంది, దాటినది కత్తిరించమని కూడా రాసి ఉంటుంది. ఫలితంగా ఒత్తులు సగానికి తెగి కనిపిస్తాయి. ఎత్తు బిగించకుండా, అక్షరాల చుట్టూ పైనా కిందా ఖాళీ వదిలితే ఈ బాధ ఉండదు. వరసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కు అక్షరం కొలతకు ఒకటిన్నర రెట్లు చాలు, తెలుగుకు 1.7 నుంచి 1.8 రెట్ల దాకా ఇస్తేనే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగలకుండా ఉంటాయి.

తెలుగులో పెద్దబడి అక్షరాలు లేవు. ఇంగ్లిష్ టెంప్లేట్లు శీర్షికలను, మెనూను అన్నీ క్యాపిటల్స్‌లో పెట్టి, అక్షరాల మధ్య ఎడం పెంచి ప్రత్యేకంగా చూపిస్తాయి. ఆ ఎడం తెలుగులోకి వస్తే మాట ముక్కలైనట్టు ఉంటుంది. ఏటవాలు అక్షరాలదీ అదే కథ. తెలుగు ఫాంట్లలో చాలావాటికి అసలైన ఏటవాలు రూపం లేదు, బ్రౌజరు బలవంతాన వంచుతుంది, చూడ్డానికి కుంటినట్టుంటుంది. కాబట్టి ఏది శీర్షిక, ఏది వివరణ అన్న తేడాను సైజుతో, మందంతో, ఖాళీ జాగాతో చూపాలి. మన మాటలు పొడవు కూడా. 'కాంటాక్ట్' అన్న చోట 'సంప్రదించండి' వస్తుంది, 'ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్' 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోను తెర మీద ఒక వరసలో పట్టే ప్రసక్తే లేదు. బ్రాంచి పేర్లను పక్కపక్కన పెట్టెల్లో కాకుండా ఒకదాని కింద ఒకటి పేర్చితే రెండు వరసలైనా ఇబ్బందుండదు. ఏడు నిలువు గళ్లున్న ఫీజుల పట్టిక ఫోన్లో పక్కకు పారిపోతుంది. బ్రాంచికొక చిన్న పెట్టె చేసి, లోపల ఒక్కో ఫీజూ ఒక్కో వరసలో రాయడం మేలు.

అసలు కాలేజీ సైటుకు తెలుగు ఎందుకన్న ప్రశ్న వస్తుంది. అన్ని పేజీలకూ అక్కర్లేదు. సిలబస్, ప్రాజెక్టులు, పరిశోధన ఇంగ్లిష్‌లోనే ఉండనివ్వవచ్చు. డబ్బు కట్టే మనిషి చదివే పేజీలు, అంటే అడ్మిషన్, ఫీజు, హాస్టల్, బస్సు, ర్యాగింగ్ ఫిర్యాదు, ఇవి రెండు భాషల్లోనూ ఉండాలి. భాష మార్చే బటను మీద 'తెలుగు' అని తెలుగులోనే రాయాలి, నొక్కితే అదే పేజీ తెలుగులో రావాలి. చాలా సైట్లు హోమ్ పేజీకి తీసుకెళ్లి వదిలేస్తాయి, మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. పేజీ కోడ్‌లో భాష తెలుగని చెప్పడం కూడా మరవకూడదు. చెప్పకపోతే చూపు లేనివాళ్లకు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తడబడుతుంది.

మేటర్ ఎక్కడి నుంచి వస్తుందన్నదీ ప్లానులో భాగమే. మన దగ్గర తెలుగు ప్రకటనలు ఇప్పటికీ చాలావరకు డీటీపీ సెంటర్లో 'అను' అనే ఫాంట్లతో తయారవుతాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. కాగితం మీద ముద్దుగా కనిపించిన మేటర్‌ను కాపీ చేసి సైటులో పెడితే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి. దానికి అందరూ కనిపెట్టిన సులువు, ప్రకటన ఫొటో తీసి పీడీఎఫ్ చేసి ఎక్కించడం. ఆ ఫొటోలోని మాటలు మామూలుగా సైటులో వెతికితే దొరకవు, స్క్రీన్ రీడర్‌కు అందవు, ఫోన్లో పెద్దది చేస్తే పక్కకు జరుపుకుంటూ చదవాలి. సంతకం, సీలు ఉన్న కాగితం చూపించాల్సి వస్తే చూపించవచ్చు, కానీ అందులోని విషయాన్ని యూనికోడ్‌లో పేజీ మీద రాసిన తర్వాతే. టైపు చేసేవాళ్లకు యూనికోడ్ కీబోర్డు అలవాటు చేయించడం సైటు బడ్జెట్‌లో చేర్చాల్సిన ఖర్చే.

లోపలి పేజీలు తేలాక హోమ్ పేజీ గీయడం అరపూట పని. ఫోన్లో పై నుంచి కిందికి: కాలేజీ పేరు, కోడ్, వెతుకు పెట్టె, ఆ నెలలో ఎక్కువమంది అడిగే నాలుగైదు పనులకు లింకులు, ఆ తర్వాత బ్రాంచీలు, ఆ తర్వాత మిగతావి. జూన్‌లో అడ్మిషన్లు పైన ఉంటాయి, నవంబరులో పరీక్షలు పైకి వస్తాయి. నోట్‌బుక్‌లో గీసిన గీతలే ఆ వరసను చెబుతాయి. తిరిగే ఫొటోల బ్యానరు మీద మాత్రం పెద్ద యుద్ధమే జరుగుతుంది, ఎందుకంటే అందులో ప్రతి విభాగానికీ తమ ఫొటో కావాలి. అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయం సైటులో 2013లో అక్కడి వెబ్ బృందానికి చెందిన ఎరిక్ రన్యన్ లెక్కలు తీస్తే, వచ్చినవాళ్లలో సుమారు ఒక్క శాతమే అలాంటి బ్యానరు మీద నొక్కారు. ఆ నొక్కినవాటిలో 84 శాతం మొదటి ఫొటో మీదే. మూడో ఫొటో కోసం పట్టుబట్టే హెచ్‌ఓడీకి ఈ లెక్క చూపించవచ్చు. పరుగెత్తే ఎర్రక్షరాలకు వాడే మార్కీ అనే ట్యాగును, వెబ్ పేజీలు రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్ ప్రమాణం కాలం చెల్లినదిగా తేల్చేసింది. ఐదు సెకన్లకు మించి దానంతటదే కదిలేది ఏదైనా ఉంటే ఆపుకునే వీలు ఇవ్వాలని అందరికీ అందుబాటు కోసం పెట్టిన అంతర్జాతీయ ప్రమాణాలూ చెబుతున్నాయి. ఛైర్మన్ గారి సందేశం 'కాలేజీ గురించి' పేజీలో హాయిగా ఉండవచ్చు.

కోడ్ రాసే దశ గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2017 నుంచి ముఖ్యమైన బ్రౌజర్లన్నిటిలో పేజీని గళ్లుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్ పనిచేస్తోంది కాబట్టి ఫోనుకు ఒక నిలువు వరస, కంప్యూటర్‌కు మూడు నిలువు వరసలు చెయ్యడం కష్టం కాదు. తెర మీద కనిపించే వరసా, కోడ్‌లో ఉన్న వరసా ఒకటే అయితే స్క్రీన్ రీడర్‌కు, కీబోర్డుతో తిరిగేవాళ్లకు దారి తప్పదు. అక్షరం రంగుకూ వెనక రంగుకూ వెలుగులో కనీసం నాలుగున్నర రెట్ల తేడా ఉండాలి. పసుపు మీద తెలుపు అక్షరాలు ఫ్లెక్సీ మీద కూడా కనిపించవు. వేలితో నొక్కేవి కనీసం 24 పిక్సెళ్లు ఉండాలన్నది ప్రమాణం, బస్సులో నిలబడి నొక్కేవాడికి 44 ఉంటే సుఖం. గూగుల్ కొలిచే పద్ధతిలో పేజీలోని ముఖ్యభాగం రెండున్నర సెకన్లలోపు కనిపిస్తేనే మంచి పేజీ. తెలుగు ఫాంట్లు ఫైలు సైజులో ఇంగ్లిష్ వాటికంటే బరువు కాబట్టి ఒక ఫాంటు, రెండు మందాలతో సరిపెట్టుకోవడం తెలివి. ఫొటోలకు కొలతలు ముందే చెప్పకపోయినా, ఫాంటు ఆలస్యంగా దిగినా పేజీ ఒక్కసారిగా కిందికి గెంతుతుంది, ఫీజు లింకు నొక్కబోయిన వేలు గ్యాలరీ మీద పడుతుంది.

సైటు తెరిచాక కూడా షీటు మూసెయ్యకూడదు. వెతుకు పెట్టెలో జనం కొట్టే మాటలు నెలకోసారి చూస్తే మెనూలో ఏ పేరు అర్థం కావడం లేదో తెలుస్తుంది. 'కండోనేషన్' అని వెతికి ఖాళీ చేతులతో వెళ్లేవాళ్లు ఉంటే ఆ మాట హాజరు పేజీలో చేర్చాలి. చాలామంది తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, వెతుకు పెట్టె వాటినీ పట్టుకోగలగాలి. గడువు దాటిన నోటిఫికేషన్ దానంతటదే దిగిపోయేలా ప్రతి ప్రకటనకూ ముగింపు తేదీ అడగాలి. షీటు అడుగున ఇంకో నాలుగు వరసలు కూడా ఉండాలి: డొమైన్ (సైటు పేరు) ఎవరి పేరు మీద ఉంది, హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్) ఎవరి ఖాతాలో ఉంది, రెన్యువల్ తేదీలేవి, పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గర ఉన్నాయి. సైటు చేసిన వెండర్ తన సొంత మెయిల్‌తో డొమైన్ కొని, రెండేళ్ల తర్వాత ఫోను ఎత్తడం మానేస్తే, ఇంత ప్లానూ ఎవరి చేతుల్లోనూ ఉండదు. డొమైన్‌ను కాలేజీ పేరు మీద, వ్యక్తిది కాకుండా ఆఫీసుది అయిన మెయిల్‌తో రిజిస్టర్ చేయించాకే వెండర్‌కు మొదటి విడత చెక్కు ఇవ్వాలి.